తీరిక ముక్కలుగా వస్తుంది

వారానికి 168 గంటలు. అందులో మన ఇష్టప్రకారం వాడుకోగలిగేవి ఎన్ని అని అడిగితే కొందరు "అస్సలు లేవు" అంటారు, ఇంకొందరు "సాయంత్రాలున్నాయి, సెలవులున్నాయి, బోలెడంత" అంటారు. రెండూ లెక్క వేయకుండా చెప్పే జవాబులే. కాగితం తీసుకుని తీసివేతలు చేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

నిద్రకు రోజుకు 8 గంటల చొప్పున 56. మిగిలినవి 112. ఉద్యోగానికి 45, రాకపోకలకు 7, కలిపి 52 పోతే 60. స్నానం, భోజనాలు, తయారవడం లాంటి వాటికి రోజుకు రెండున్నర గంటలు, అంటే 17.5. ఇంకా 42.5 ఉన్నాయి. వంట, ఊడ్చి తుడవడం, సరుకులు, బిల్లులు, పిల్లల చదువు, ఇంట్లో పెద్దవాళ్ల మందులు, వీటన్నిటికీ కలిపి రోజుకు 2 గంటలే అనుకున్నా 14. చివరికి చేతిలో మిగిలేవి 28.5 గంటలు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఇవి పదికి పడిపోవచ్చు, ఒంటరిగా ఉంటూ ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు నలభై దాటవచ్చు. మీ అంకెలు మీరే వేసుకోవాలి.

లెక్క చాలదనిపిస్తే అందరూ మొదట కోసేది నిద్రనే. దాని జోలికి వెళ్లకండి. 18 నుంచి 60 ఏళ్ల వాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని 2015లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి సిఫారసు చేశాయి. నిద్రలోంచి లాక్కున్న గంట మర్నాటి చురుకుదనంలోంచి వసూలవుతుంది, అదీ వడ్డీతో.

సరే, 28.5 గంటలు. ఏడాదికి దాదాపు 1,480. ఇది తక్కువేమీ కాదు. ఒక భాష నేర్చుకోవడానికి, ఒక వాయిద్యం మీద పట్టు చిక్కించుకోవడానికి, ఇంట్లోవాళ్లతో కడుపునిండా కబుర్లు చెప్పుకోవడానికి సరిపోయేంత. మరి "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అన్నట్టు ఎందుకుంటుంది? ఆ గంటలు ఒకేచోట ముద్దగా రాకపోవడమే కారణం. పొద్దున పావుగంట, మధ్యాహ్నం పది నిమిషాలు, సాయంత్రం అరగంట, మధ్యలో వంట, మళ్లీ ఇరవై నిమిషాలు. మొత్తం ఎంత అన్నదాని కంటే ఒక్కో ముక్క ఎంత పొడుగు అన్నదే అసలు సంగతి. సమయం గురించి చెప్పే సలహాల్లో ఎక్కువ భాగం మొత్తాన్నే చూస్తాయి, అందుకే అవి పాటించినా పెద్ద తేడా కనపడదు.

ఒక వారం రాసి చూడటం

ముక్కలు ఎక్కడున్నాయో తెలియాలంటే ఏడు రోజులు రాయాలి. రోజును అరగంట గడులుగా విడగొడితే 48, వారానికి 336. నోటుపుస్తకంలో రోజుకో పేజీ చాలు. ఒక్కో గడిలో రెండు మూడు మాటలు. ప్రతి అరగంటకూ రాయనక్కర్లేదు, మూడు గంటలకోసారి, అంటే రోజుకు ఐదారు సార్లు వెనక్కి చూసి నింపితే సరిపోతుంది.

ఇందులో మామూలుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు రోజంతటిదీ ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాయడం మొదటిది. అలా రాస్తే చేసిన పని పెరుగుతుంది, చేతులు దులుపుకుని కూర్చున్న సమయం తగ్గుతుంది. ఎవరూ అబద్ధం చెప్పాలని చెప్పరు, జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. రెండోది, రాస్తున్నామన్న స్పృహతో మొదటి రెండు రోజులు బుద్ధిమంతుల్లా గడపడం. అందుకే ఏడు రోజులూ రాయమనేది. మూడోది, పదిహేను ఇరవై వర్గాలు పెట్టుకుని రంగులు వేయడం. నాలుగో రోజుకే విసుగొస్తుంది. ఆరేడు పేర్లు చాలు. పండగో పెళ్లో ప్రయాణమో ఉన్న వారాన్ని ఎంచుకోవద్దు.

ఒక సాయంత్రం రాత ఇలా ఉందనుకోండి:

6:30 ఇంటికి రాక. మెసేజ్ వస్తే ఫోన్ తీశాను.
7:00 ఫోన్.
7:30 వంట.
8:00 భోజనం, టీవీ.
8:30 టీవీ.
9:00 గిన్నెలు, రేపటి బ్యాగు.
9:30 ఫోన్.
10:00 ఆఫీసు మెయిల్ ఒకటి. తర్వాత ఫోన్.

ఇందులో ఫోనుకు దాదాపు రెండు గంటలు పోయాయని ఎవరికైనా కనపడుతుంది. చూడాల్సింది మొదటి గడిలోని "మెసేజ్ వస్తే" అన్న మాట. ఆ గంట ఎలా గడపాలో ఆ మనిషి నిర్ణయించుకోలేదు. ఎవరో పంపిన ఒక వాక్యం నిర్ణయించింది. 8:30 గడిలో టీవీ కూడా అంతే: కావాలని పెట్టింది కాదు, భోజనం దగ్గర మొదలైంది ఆగలేదు. ఇక పది గంటల మెయిల్ చూడండి. జవాబు రాయడానికి ఐదు నిమిషాలే పట్టి ఉంటుంది, కానీ దానితో ఆఫీసు బుర్రలోకి వచ్చి కూర్చుంది. అందుకే ప్రతి గడి పక్కన చిన్న గుర్తు పెట్టమంటాను. తానుగా ఎంచుకున్నదానికి ఒక చుక్క, దానంతటది జరిగిపోయినదానికి ఒక అడ్డగీత. వారం చివర అడ్డగీతలు లెక్కపెట్టండి. మంచి పనా చెడ్డ పనా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. కావాలని రెండు గంటలు సినిమా చూస్తే అది చుక్కే.

ముక్కకు తగిన పని

కూర్చోగానే పని మొదలవదు. రాయడం, చదవడం, సాధన, ప్రోగ్రామింగ్ ఏదైనా సరే, నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కుని, సామాను తీసి, మనసు అందులోకి దిగడానికి కొంత పడుతుంది. అది 15 నిమిషాలనుకుందాం. అరగంట ముక్కలో చేతికొచ్చే పని 15 నిమిషాలదే. అలాంటి ముక్కలు మూడు కలిస్తే 45. అదే గంటన్నర ఒక్క ముక్కగా దొరికితే 75. ఖర్చయిన సమయం రెండు చోట్లా 90 నిమిషాలే. మూడు రోజులు అరగంట చొప్పున కూర్చున్నా పని కదలడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి లోటు పట్టుదలలో లేదు, ఈ లెక్కలో ఉంది.

దీనికి రెండు వైపుల నుంచి మందు వేయొచ్చు. ఒకటి, ముక్కలను అతికించడం. సెలవు రోజున బయటి పని తొమ్మిదికి ఒకటి, పన్నెండుకి ఒకటి, నాలుగింటికి ఒకటి పెట్టుకుంటే రోజంతా ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, పనికొచ్చే ముక్క ఒక్కటీ మిగలదు. ఆ మూడింటినీ వరసగా మధ్యాహ్నానికి నెట్టేస్తే ఉదయం మూడు గంటలు ఏకంగా దొరుకుతాయి. కొత్తగా ఒక్క నిమిషం కూడా పుట్టించలేదు, ఉన్నవాటిని పక్కపక్కన చేర్చామంతే. వారం రాసిన పేజీలు ముందు పెట్టుకుని ఏ పనిని ఎటు జరిపితే ముక్క పెద్దదవుతుందో చూడటం ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితమిచ్చే పని అని నా నమ్మకం. జరపగలిగేవి అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. బిల్లులు ఏ రోజైనా కట్టొచ్చు, ఇస్త్రీ ఒకేసారి చేసుకోవచ్చు, ఫోన్ చేయాల్సినవి వరసగా చేయొచ్చు.

రెండోది, దిగడానికి పట్టే సమయాన్ని తగ్గించడం. సామాను బయటే ఉంచాలి. వాయిద్యం పెట్టెలో ఉంటే తీసి శ్రుతి చేసేసరికే సగం ఉత్సాహం పోతుంది. ఇంకొకటి, లేచే ముందు ఒక్క నిమిషం ఆగి ఎక్కడ ఆపాను, తర్వాత ఏం చేయాలి అని ఒక వాక్యం రాయడం. "మూడో పేరా సగంలో ఉంది, ఆ అంకె సరిచూసి ముగింపు రాయాలి" లాంటిది. దీని వల్ల రెండు లాభాలు. రేపు వెతుక్కోనక్కర్లేదు. ఇంకా ముఖ్యమైనది, ఇప్పుడు వెళ్లే పనిలో పాత పని వెంటాడదు. సగంలో వదిలిన పని మీద కొంత మనసు మిగిలిపోయి తర్వాతి పని దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. రోజుకు ఇరవై సార్లు పని మారితే ఆ మిగులు ఇరవై సార్లు పోగుపడుతుంది. భోజనం దగ్గర పిల్లవాడు ఏదో చెబుతుంటే "ఊఁ" కొడుతూ కూర్చోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

పది నిమిషాల ముక్కల్ని ఏం చేయాలి? వదిలేయాలని నా అభిప్రాయం. కిటికీలోంచి చూడటానికి, ఊరికే కూర్చోవడానికి అవి ఉంటే మంచిది. ప్రతి సందులోనూ ఏదో ఒకటి కుక్కితే వచ్చేది అలసట. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అనే పద్ధతిని 1980ల చివర ఫ్రాన్సెస్కో సిరిల్లో మొదలుపెట్టాడు. మన పాత కొలతలో గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. దాదాపు అదే కొలత. గుమస్తా పనులకు, సర్దుళ్లకు, చేయబుద్ధి కాని పనిని మొదలుపెట్టడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. లోతుగా ఆలోచించే పనికి మాత్రం సరిగ్గా మనసు కుదిరే వేళకు గంట మోగుతుంది. అప్పుడు గంటన్నర ముక్కే నయం.

ఎన్ని పనులు పడతాయి

28 గంటలున్నాయి కదా అని 28 గంటలకూ పని రాసుకుంటే బుధవారానికల్లా కూలిపోతుంది. ముందుగా 9 గంటలు విశ్రాంతికి తీసి పక్కన పెట్టండి. మనుషులకు 6. శరీరానికి, అంటే నడక, వ్యాయామానికి 3. మిగిలిన పదిలో మూడో వంతు అనుకోనివాటికి పోతుంది: జ్వరం, చుట్టాలు, నీళ్ల పైపు. నికరంగా చేతిలో ఉండేవి ఆరేడు గంటలు. గంటన్నర ముక్కలైతే నాలుగు. నాలుగు ముక్కల్లో కొత్త భాష, రాత, తోట, బొమ్మలు, వాయిద్యం అన్నీ పట్టవు. రెండు పడతాయి. మిగతావాటిని "వద్దు" అనుకోలేకపోతే వేరే పేజీలో రాసి, తెరిచి చూసే తేదీ పక్కన వేయండి, మూడు నెలల తర్వాతది. ఆ తేదీ లేకపోతే అవి బుర్రలోనే తిరుగుతుంటాయి.

చేయాల్సిన పనుల జాబితాకు కూడా ఒక లెక్క ఉంది. వరుసల (క్యూల) గురించి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, వరసలో సగటున ఉన్న వాటి సంఖ్యను రోజుకు పూర్తయ్యేవాటితో భాగిస్తే ఒక్కోటి సగటున వేచి ఉండే రోజులు వస్తాయి. జాబితాలో 60 పనులు, రోజుకు 4 పూర్తవుతాయి అంటే ఒక్కో పని సగటున 15 రోజులు కాచుకోవాలి. రోజుకు అయిదు చేరుతూ నాలుగే పోతుంటే నెలకు 30 పెరుగుతాయి. ఎంత వేగంగా చేసినా ఆ గుంట పూడదు, చేరేవి తగ్గాలి. నెల దాటినా ముట్టుకోని పనిని కొట్టేయండి. నిజంగా అవసరమైతే అదే మళ్లీ వస్తుంది.

అంచనాల సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే దీన్ని గుర్తించారు: ఒక పనికి ఎంత పడుతుందో చెప్పేటప్పుడు మనం అంతా సవ్యంగా సాగే దారినే ఊహించుకుంటాం, అలాంటి పనికి ఇదివరకు ఎంత పట్టిందో చూడం. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ విద్యార్థుల్ని థీసిస్ ఎప్పుడు పూర్తిచేస్తారని అడిగారు. సగటు అంచనా 34 రోజులు, సగటున నిజంగా పట్టింది 55 పైచిలుకు. విరుగుడు సులువు. ఒక పది పనులకు ముందు అంచనా రాసి, అయ్యాక పట్టిన సమయం పక్కన రాయండి. అంచనాల మొత్తం 12 గంటలు, పట్టింది 19 అయితే మీ గుణకం ఇంచుమించు 1.6. ఆ తర్వాత నుంచి ఏ అంచనా వేసినా దాంతో గుణించాలి. గుణకం మనిషికీ పనికీ మారుతుంది. రోజూ చేసే పనికి 1.1 ఉండొచ్చు, మొదటిసారి చేసేదానికి 2 దాటొచ్చు.

ఇంటి పనులు, మెయిళ్లు మాత్రం దీనికి తిరగబడి ఉంటాయి. పని దానికి దొరికినంత సమయమంతా సాగుతుందని సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో రాశాడు. అల్మరా సర్దడానికి ఆదివారం ఇస్తే ఆదివారమంతా పడుతుంది. ఇలాంటివాటికి పైహద్దు పెట్టాలి: 40 నిమిషాలు, అలారం మోగితే ఆపేయడం. ఇష్టమైన పనికి కిందిహద్దు, తప్పనిసరి పనికి పైహద్దు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు ఇల్లంతా అయ్యాక మిగిలితే ఇష్టమైనది అంటారు, అది ఎప్పటికీ మిగలదు.

"చూద్దాం" అనే మాట

ముక్కలు కుదిరాక వాటిని కొరికేవి ఎదుటివాళ్లు అడిగే పనులు. మనకు "చూద్దాంలే" అనే సౌకర్యం ఉంది. అవునూ కాదు, కాదూ కాదు. అడిగినవాళ్లు దాన్ని అవునుగా తీసుకుంటారు, అన్నవాళ్లు కాదన్నట్టే అనుకుంటారు. వారం తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. అంతకన్నా నష్టం, ఆ వారమంతా ఆ పని చేయకుండానే మనసులో చోటు తింటుంది. దాని బదులు తేదీతో, కొలతతో చెప్పండి. "అన్నా, ఈ వారం కుదరదు. పదో తేదీ తర్వాత అయితే ఒక గంట కూర్చుంటాను." "అక్కా, మొత్తం నా వల్ల కాదు, లెక్కలు ఒక్కటీ చూసిపెడతాను." "ఇది నేను తీసుకోలేను, ముందే చెబుతున్నాను, మీరు వేరేవాళ్లను చూసుకోవడానికి వీలుంటుందని." కారణాలు వరసపెట్టి చెప్పొద్దు. ఒక్కో కారణానికీ ఒక పరిష్కారం ఎదురొస్తుంది.

రెండు నెలల తర్వాతి సంగతి అడిగితే ఇట్టే ఒప్పుకుంటాం, అప్పటికి ఖాళీ ఉంటుందనిపిస్తుంది. ఇప్పటికన్నా ముందు ముందు తీరిక ఎక్కువుంటుందని జనం అనుకుంటారని, డబ్బు విషయంలో కన్నా సమయం విషయంలో ఈ భ్రమ బలంగా ఉంటుందని 2005లో జౌబర్‌మన్, లించ్ చూపించారు. ఒప్పుకునే ముందు "ఇది ఈ గురువారమే అయితే వెళ్తానా?" అని మనల్ని మనం అడిగితే చాలు. రెండు నెలల తర్వాతి గురువారం కూడా ఇలాగే ఉంటుంది.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్‌కు డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌కు స్క్రీన్ టైమ్ ఉన్నాయి. మొత్తం గంటలతో పాటు రోజుకు ఎన్నిసార్లు తెరిచారో కూడా చూడండి. ముక్కల్ని తునాతునకలు చేసేది ఆ రెండో అంకె. మనుషులు నేరుగా చేసే కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేసి, మెసేజ్‌లకు రోజుకు మూడు వేళలు పెట్టుకుంటే ఆ అంకె మొదటి వారంలోనే దిగుతుంది. అలారం కోసం వేరే గడియారం కొనుక్కుని ఫోన్‌ను పడకగది బయట పెట్టడం ఇంకా మంచిది. సంకల్పం మీద ఆధారపడితే అలసిన రాత్రి అది పనిచేయదు, దూరం పనిచేస్తుంది.

వారానికోసారి 20 నిమిషాలు కూర్చోవాలి, ఆదివారం సాయంత్రమైతే మేలు. వచ్చే వారం వేళ మార్చలేని పనులు రాసి, నాలుగు ముక్కలు ఎక్కడ పడతాయో చూసి, ఒక్కోదానికీ వేళ, చోటు, మొదటి కదలిక రాయాలి. "గురువారం రాత్రి గిన్నెలు సర్దగానే, ముందుగది బల్ల దగ్గర కూర్చుని, నాలుగో పాఠం తెరుస్తాను" అన్నంత స్పష్టంగా. ఇలా "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే చేయాలనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా చేసి తీరుతారని పీటర్ గోల్‌విట్జర్ 1999లో తన పరిశోధనల సారంగా రాశాడు. గురువారం ముక్క పోతే శనివారానికి జరపండి, ఒక్కసారే. రెండోసారి కూడా పోతే ఆ పనికి వేళ తప్పుగా పెట్టారని అర్థం, రాత్రి కాకుండా పొద్దునకు మార్చి చూడండి.

మనుషులకని తీసిన 6 గంటలకు కూడా పేర్లు రాయాలి, లేకపోతే అందరికన్నా ముందు కరిగిపోయేవి అవే. వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల దగ్గరకు ఏడాదికి రెండుసార్లు, మూడేసి రోజులు వెళ్తారనుకోండి. ఇంకో 15 ఏళ్లు వాళ్లు ఆరోగ్యంగా ఉన్నా మొత్తం 90 రోజులు. మూడు నెలలు. ఏడాదికి ఇంకొక్కసారి వెళ్తే 135. ఆ 45 రోజులు సెలవు దొరికినప్పుడు రావు. ఈసారి వెళ్లినప్పుడు, బయల్దేరే రోజు పొద్దున, బ్యాగు సర్దక ముందే, మళ్లీ ఎప్పుడో తేదీ వాళ్ల ఎదురుగానే అనుకుని గోడమీది క్యాలెండర్‌లో వాళ్ల చేత రాయించి రండి.